గంజి వదిలిన గుడ్డ

అధ్యక్షులు రామకోటేశ్వరరావు గారికి, వేదిక మీది పెద్దలకు, ఈ సాయంత్రం మనమంతా ఎవరి కోసం ఇక్కడ చేరామో ఆ ఇన్నయ్యగారికి, ఆయన భార్య తెరేసమ్మకు, ఇవాళ్టితో మూతపడిన బీరు కార్ఖానా పనివాళ్లందరికీ, గవర్నరుపేటలోని మా ఇరుగుపొరుగులకు, మద్యనిషేధ ప్రచార సంఘం కార్యదర్శి హోదాలో వచ్చారో, లేక మామూలు స్నేహితుడిగా వచ్చారో నాకు ఇంకా తేలని హనుమయ్యగారికి నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను సభకు పరిచయం చేస్తూ రెండు పొరపాట్లు చెప్పారు. వాటిని సరిచేయకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు. నేను బందరులో చదివింది థర్డు ఫారం దాకా కాదండీ, ఫిఫ్తు ఫారం దాకా. ఇక రెండోది, ఇన్నయ్యగారికి నేను మా ఇంట ఆశ్రయమిచ్చానన్నారు. ఇవ్వలేదు. అద్దెకిచ్చాను. (నవ్వులు)

నవ్వండి, ఫరవాలేదు. కానీ నా పరిస్థితి కొంచెం ఆలోచించండి. నా వెనక గోడకు ఒక గుడ్డ కట్టి ఉంది, అందరూ చదువుతూనే ఉన్నారు. 'మద్యం మానండి, సంసారం నిలుపుకోండి' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన ఆ గుడ్డ మా మగ్గం మీద నేసిందే. నిన్న ఇదే హాలులో, ఇదే కుర్చీలో, దాని కిందే కూర్చుని నేను అధ్యక్షత వహించాను. నిన్న మద్యం మానమని చెప్పాను, ఈవేళ మద్యం చేసిన మనిషిని సన్మానించడానికి లేచాను. గుడ్డ విప్పడం మరిచిపోయారా, కావాలనే ఉంచారా అని ఇందాక హనుమయ్యగారిని అడిగితే, 'రేపటి సభకు కూడా పనికొస్తుందని ఉంచామండి' అన్నారు. ఆయనకు అంతా తేటగానే ఉంది. నాకే లేదు.

అదీగాక ఈ బల్ల మీద మరో గుడ్డ ఉంది. కాగితంలో చుట్టి తెచ్చాను. మా దేవాంగుల ఇళ్లలో ఎవరికైనా బట్ట పెట్టాలంటే మగ్గం దిగిన కొత్త బట్టకు నాలుగు మూలలా పసుపు పెట్టి, నీళ్లు తగలనీయకుండా పెడతాం. ఉతికిన బట్ట పెట్టడం అవమానం. నేను తెచ్చింది ఉతికిన గుడ్డ. పొట్లం చూసి మా మాణిక్యమ్మ వదిన గుమ్మంలోనే పట్టుకుంది నన్ను. 'ఏం సుందరమ్మా, ఊరి మగ్గాలన్నీ మీవే, పాతగుడ్డ దొరికిందా ఆ మహానుభావుడికి పెట్టడానికి' అంది. 'కూర్చో వదినా, చివరికి తెలుస్తుంది' అన్నాను. అంతకంటే నాకూ తెలియదు. ఈ గుడ్డ ఇవ్వడం తప్పో ఒప్పో నాకు ఇంకా తేలలేదు. మాట్లాడుతూ ఉంటే తేలుతుందేమోనని లేచి నిలబడ్డాను.

ఇన్నయ్యగారిని నేను మొదటిసారి చూసింది యుద్ధం మధ్యలో. నూలు మీద కంట్రోలు వచ్చి మా మగ్గాలు సగం ఆగిపోయిన రోజులు. మా ఇంటి కింద ఒక నేలమాళిగ ఉంది. మా వారు నూలు దాచడానికి కట్టించారు. ఎండిన గదిలో పెడితే నూలు పెళుసెక్కి తెగిపోతుంది కనుక, రాతిగోడలు, ఇసుక నేల వేయించి, ఇసుకను రోజూ తడిపిస్తూ ఉండేవారు. ఎండాకాలంలో ఊరంతా కుంపటిలా ఉన్నా అక్కడ మాత్రం ఒంటికి చల్లగా తగిలేది. నూలు రావడం మానేశాక ఆ గది ఊరికే పడి ఉంది.

ఒకరోజు ఈయన వచ్చి గది చూపించమన్నారు. దీపం పట్టుకుని వెంట వెళ్లాను. ఈయన మెట్లు దిగి, గోడకు చెంప ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డారు. ఎంతకీ కదలరు. నాకు భయం వేసింది.

'ఏమిటయ్యా ఆ గోడతో మాటలు?' అన్నాను.

'చల్లదనం చూస్తున్నానమ్మగారూ.'

'చూశావుగా. ఇక రా.'

'పగలూ రాత్రీ ఇంతేనాండి?'

'గోడలు మా వారు కట్టించినవి. పూటకొక తీరుగా ఉండవు. ఇంతకీ ఏం పెట్టుకుంటావు?'

'బీరండి.'

నేను దీపం తీసుకుని పైకి వచ్చేశాను. చీకట్లో మెట్లు తడుముకుంటూ ఆయన వెనకే వచ్చారు. (నవ్వులు)

తరువాత తెరేసమ్మ వచ్చింది. గుణదల నుంచి నడిచి వచ్చి, మా అరుగు మీద కూర్చుని, బతిమాలకుండా, ఏడవకుండా సంగతంతా చెప్పింది. కార్ఖానాలో చేసిన బీరు సిపాయిలకు పోతోందని, పైనున్న దొర మాత్రం 'ఈ ఎండల దేశంలో బీరు నిలవ వేయడం ఎవరి తరమూ కాదు, పచ్చిగా ఉండగానే పంపేయండి' అని రాశాడని, తన భర్తకు అది చిన్నతనంగా ఉందని, చల్లని చోటు దొరికితే నెలల తరబడి పీపాల్లో ఉంచి పండించి చూపిస్తానని పట్టుబట్టారని చెప్పింది. 'ఆయన తాగరమ్మగారూ, నాకు అదే అర్థం కాదు. తాగనిదానికోసం ఇంత బాధేమిటో' అంది. తెరేసమ్మా, నాకూ అర్థం కాలేదు. అర్థం కాకనే ఒప్పుకున్నానేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఒప్పుకున్నాను కానీ షరతు పెట్టాను. నా గడప లోపల ఒక్క చుక్క ఎవరి నోట్లోనూ పడకూడదు, రుచి చూడటానికి కూడా వీల్లేదు అన్నాను. కార్ఖానా అమ్మకాలు చూసే మన అధ్యక్షులవారు 'అదెలా కుదురుతుందండీ, రుచి చూడకుండా పండిందో లేదో ఎలా తెలుస్తుంది' అన్నారు. 'అది మీ ఇబ్బంది' అన్నాను. అవునా కాదా రామకోటేశ్వరరావు గారూ? (అధ్యక్షులు నవ్వుతూ తల ఊపారు.) ఇన్నయ్యగారు మాత్రం 'వాసన చూడొచ్చాండీ?' అని అడిగారు. ఆ తరువాత హనుమయ్యగారిని అడిగాను, వాసన చూడటం తాగడం కిందికి వస్తుందా అని. ఆయన ఇప్పటిదాకా ఆలోచిస్తూనే ఉన్నారు. (నవ్వులు)

అక్కణ్నుంచి నా మనసులో గందరగోళం మొదలైంది. ఏ పనైనా నా ఇంట జరుగుతుంటే నాకు పూర్తిగా తెలియాలి. కనుక కొన్నాళ్లు రోజూ కార్ఖానాకు వెళ్లి, మొదటి నుంచి చివరిదాకా ఎలా చేస్తారో చూపించమన్నాను. ఇన్నయ్యగారు ఓపికగా చూపించారు. బార్లీ గింజలను నానబోశారు. మొలక రానిచ్చారు. సన్నని సెగ మీద ఎండబెట్టి, బరకగా విసిరారు. అంతవరకు చూసి నేను తెల్లబోయాను, ఎందుకంటే మా మనవడికి పాలు మాన్పించేటప్పుడు జావకోసం రాగులతో నేను చేసిన పనీ అచ్చంగా ఇదే. తరువాత ఆ పిండిని వేడినీళ్లలో నానబెట్టి తియ్యటి నీళ్లు తీశారు, వడకట్టారు, ఎండిన చేదు పువ్వులు వేసి మరిగించారు. మనం వేపపువ్వు వేయమా? చల్లారాక అంతకు ముందటి పీపా అడుగున మిగిలిన మడ్డి కొంచెం కలిపారు, నేను పాలల్లో తోడు వేసినట్టే. నురుగు పొంగింది, అణిగింది. తేట తీసి పీపాలకెత్తారు. అన్నం, గంజి పోసి ఉంచే తరవాణి కుండ లేని ఇల్లు మన పల్లెల్లో ఏది? అదీ పులిసేదే కదా.

అయితే ఇందులో ఎక్కడిదాకా జావ, ఎక్కడినుంచి సారాయి? నేను ప్రతి మెట్టు దగ్గరా ఆగి అడిగాను. 'ఇక్కడేనా?' అంటే, 'ఇంకా కాదండి' అన్నారు. చివరికి 'ఇప్పుడు' అన్నారు. 'ఇప్పుడేం చేశావని?' అన్నాను. 'ఏమీ చేయలేదమ్మగారూ, వదిలేశాను' అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. చేసిన పనులన్నీ మంచివే, చేయకుండా వదిలేసిన చోట మత్తు వచ్చి కూర్చుంది. నేను సభల్లో ఏ పనిని మానమని చెప్పాలి? హనుమయ్యగారూ, మీరు తల దించుకోకండి, నేను మిమ్మల్ని అడగడం లేదు. నన్ను నేనే అడుగుతున్నాను.

మాళిగలోకి దిగి వచ్చిన ప్రతిసారీ స్నానం చేసేదాన్ని. తాకిందేమీ లేదు, తాగిందేమీ లేదు, ఏ మైలకు చేస్తున్నానో తెలియదు, అయినా చేసేదాన్ని. మా కోడలు నూతి దగ్గర బిందె పట్టుకుని, 'అత్తయ్యా, ఈ స్నానం దేనికో చెబితే నీళ్లు చన్నీళ్లా వేణ్నీళ్లా చూస్తాను' అనేది. (నవ్వులు)

ఇక అసలు సంగతికి వస్తాను. రుచి చూడకూడదన్నాను కనుక ఇన్నయ్యగారు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పీపా కుళాయి తిప్పి నాలుగు చుక్కలు తెల్లగుడ్డ మీద వేసుకుని, వాటిని కాస్త ఆరనిచ్చి వాసన చూడటం. పండని బీరుకు పచ్చివాసన ఉంటుందట, చిదిమిన సొరకాయ పిందెలాగా. అది పూర్తిగా పోతేనే పండినట్టు. గుడ్డ కావాలంటే నేనే ఇచ్చాను. మా ఇంట్లో గుడ్డకు కరువేముంది, అప్పుడే మగ్గం దిగిన తాను అంచు చింపి ఇచ్చాను.

కాసేపటికి ఈయన పైకి వచ్చి అరుగు మీద కూలబడ్డారు. మొహంలో నెత్తురు లేదు.

'పోయిందమ్మగారూ. మొత్తం పులిసిపోయింది. అన్ని పీపాలూ ఒకే తీరు. దొర చెప్పిందే నిజం. సాయంత్రానికి పారబోయిస్తాను.'

'ఏదీ, ఆ గుడ్డ ఇలా తే' అన్నాను.

గుడ్డ ముక్కు దాకా కూడా తేనక్కరలేకపోయింది నాకు. నవ్వు ఆపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను. మా పడుగుకు పెట్టేది పులిసిన గంజి. పులియబెట్టి, కాచి, పోగులకు పట్టించి, కుంచెతో దువ్వుతాం. అప్పుడే నేసిన బట్టకు ఆ పుల్లవాసన ఉండక తప్పదు. పుట్టినప్పటి నుంచి ఆ వాసనలో ఉన్నదాన్ని కనుక ఇచ్చేటప్పుడు నాకు తట్టలేదు, ఎన్నడూ నేత ఇల్లు ఎరగని వాడు కనుక ఆయనకు తెలియలేదు.

'పులిసింది నీ బీరు కాదయ్యా, మా గంజి' అన్నాను.

ఉతికి, గంజి వదిలించి, ఆరవేసిన గుడ్డ ఇచ్చాను. మళ్లీ దిగి వెళ్లారు. పైకి వచ్చి, 'పచ్చి ఉంది గాని పులుపు లేదమ్మగారూ' అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక సారా పీపా చెడిపోనందుకు నేను ఇంట్లోకి వెళ్లి దేవుడి ముందు దీపం పెట్టాను. ఎందుకు పెట్టానో అడగకండి.

అప్పటినుంచి గంజి వదిలిన గుడ్డలు ఒక మేకుకు తగిలించి ఉంచేదాన్ని. వారం వారం ఆయన వచ్చి ఒకటి తీసుకుని వెళ్లేవారు. నాకు తెలియకుండానే నేను ఎదురు చూడటం అలవాటు చేసుకున్నాను. మెట్లెక్కి వస్తుంటే, 'ఏమయ్యా?' అనేదాన్ని. 'ఇంకా పచ్చేనండి' అనేవారు. ఆ పచ్చి పోకముందే యుద్ధం అవసరాలంటూ పీపాలను లాక్కుపోయేవారు. ఒక్కటీ చివరిదాకా ఉండనిచ్చిన పాపాన పోలేదు. తప్పు మీది కాదు రామకోటేశ్వరరావు గారూ, అమ్మకం మీ పని.

యుద్ధం అయ్యాక అధ్యక్షులవారు ఒక్క పీపాను ఈయనకు వదిలేశారు. అది మాత్రం నీ ఇష్టం, ఎన్నాళ్లయినా ఉంచుకో అన్నారు. మిగిలిన మంచి చేదుపువ్వులన్నీ అందులో వేసి, మూత బిగించి, లక్క పోసి, మాళిగలో అన్నిటికంటే చల్లని మూలన ఇన్నయ్యగారు తన చేతులతో నిలబెట్టారు. ఎండలు పోయి, వానలు పోయి, చలి తిరిగేదాకా తెరవనన్నారు. గాలి తగిలితే చెడుతుందని చుక్క కూడా తీయలేదు. వారం వారం వచ్చి పీపా మీద చెయ్యి వేసి వెళ్లేవారు, అంతే. మేకున గుడ్డలు అలాగే ఉండిపోయాయి.

ఈలోగా చట్టం వచ్చింది. రేపటినుంచి మన జిల్లాలో అమల్లోకి వస్తోంది. రావాలని నేను సంతకాలు పోగు చేశాను, ఇంటింటికీ తిరిగాను, అందుకు నాకు విచారం లేదు. తాగివచ్చి మగ్గం పోగులు తెంపి తగలబెట్టిన మగవాళ్లను నేను చూశాను. వాళ్ల ఆడవాళ్లకు అన్నం పెట్టాను. ఈ చట్టం మంచిదే. మంచిదని రేపు కూడా చెబుతాను.

కానీ పోయిన వారం అధికారులు వచ్చి మాళిగకు తాళం వేసి సీలు పెట్టారు. ఇవాళ పొద్దున తెరిచి, ఉన్నదంతా పారబోయాలన్నారు. కార్ఖానా వాళ్లెవరూ లోపలికి రాకూడదు, ఇంటి యజమాని మాత్రం సాక్షిగా ఉండాలన్నారు. ఇంటి యజమానిని నేను. నిన్న సభ అయ్యాక తెరేసమ్మ నా దగ్గరకు వచ్చింది.

'ఎల్లుండి మైలవరం వెళ్లిపోతున్నామమ్మగారూ. మా అన్న పొలం చూసుకుంటూ ఉంటాం. ఆయనకు ఆ పని రాదు, నేర్చుకుంటారు లెండి. అదేం బాధ కాదు. సరిగా అన్నం తినడం లేదు. ఆ పీపా పండిందో లేదో తెలియకుండా పోతున్నానే అన్న ఒక్క మాటే పట్టుకుని కూర్చున్నారు. పండలేదని తెలిసినా సరే తేరుకుంటారు. తెలియకపోతేనే తేరుకోరు.'

నేను సంఘానికి అధ్యక్షురాలిని. సారాయి బాగుందని ఒకరికి కబురు మోయడమా?

పొద్దున సీలు తెరిచారు. పీపాను దొర్లించుకుని వీధి కాలవ పక్కకు తెచ్చారు. అధికారి నన్ను దూరంగా జరగమన్నాడు. నేను ఇంట్లోకి వెళ్లి, మేకు మీది గుడ్డ ఒకటి తెచ్చి, కుళాయి కింద పట్టాను. ఆ కుర్ర అధికారి నావైపు తిరిగాడు.

'ఏమిటమ్మా ఇది?'

'గుడ్డ నాయనా.'

'దేనికండీ?'

'ఈ పీపా చేసిన మనిషికి చూపించాలి.'

'చట్టం...'

'చట్టం రేపటినుంచి కదా. రాసుకోవాలంటే రాసుకో, నా పేరు బాలత్రిపురసుందరి. పూర్తిగా రాయి.'

అతను రాసుకోలేదు. బట్టే కదండీ అని పక్కకు తిరిగాడు. మిగిలినదంతా కాలవలో పడి పోయింది. తేనెరంగులో ఉంది. చాలాసేపు పారింది. తడిగుడ్డను కాగితంలో చుట్టి లోపల పెట్టుకున్నాను. ఈవేళ ఒక్కపూట స్నానం చేయలేదు. మాణిక్యమ్మ వదినా, ఇప్పుడు తెలిసిందా ఇది ఉతికిన గుడ్డ ఎందుకయిందో? కొత్త బట్ట తెస్తే ఈయనకు మా గంజి వాసన తప్ప మరేమీ తెలియదు.

ఇంట్లో పిలిచి ఇవ్వొచ్చు కదా అని మీరనవచ్చు. చాటుగా ఇస్తే దొంగపని అవుతుంది. నేను చాటుగా ఏమీ చేయలేదు ఇన్నాళ్లూ. హనుమయ్యగారు చూస్తుండగా, నా వెనక ఆ అక్షరాలుండగా ఇస్తాను. తప్పయితే రేపటి సభకు వేరే అధ్యక్షురాలిని చూసుకోండి. నేనేమీ అనుకోను.

నేను వాసన చూశానా అంటే, చూశాను. కాగితం చుట్టేటప్పుడు ముక్కుకు తగిలింది. కానీ నాకు తెలిసిన వాసనలు వేరు. గంజి కాదు, తరవాణి కాదు, కల్లు కాదు. కాల్చిన గింజలా ఉందనిపించింది, అందులో ఏదో పువ్వు ఉన్నట్టూ అనిపించింది. పచ్చి ఉందో లేదో నాకు తెలియలేదు. ఇన్నాళ్లు నేను అన్నీ తెలిసిన మనిషిలా 'ఏమయ్యా' అని అడుగుతూ వచ్చాను గాని, తీర్పు ఎప్పుడూ నీదే.

లే ఇన్నయ్యా. ఇలా రా. శాలువాలా భుజాన కప్పను. చేతికే ఇస్తాను, తీసుకో.

(ఇన్నయ్యగారు వేదిక దగ్గరకు వచ్చి పొట్లం విప్పారు. గుడ్డను రెండు చేతులతో ముఖానికి ఆనించుకుని నిలబడ్డారు.)

ఏమయ్యా?

(ఆయన గుడ్డ తీయలేదు.)

అవునో కాదో చెప్పవయ్యా. ఇంతమందిని నిలబెట్టావు.

('పచ్చి లేదమ్మగారూ' అన్నారు ఇన్నయ్యగారు. 'ఎక్కడా లేదు.')

లేదట. తెరేసమ్మా, విన్నావుగా. ఇక ఇంటికి తీసుకువెళ్లి అన్నం పెట్టు. ఆ గుడ్డ రాత్రికి నీ దగ్గరే ఉంచుకో ఇన్నయ్యా. రేపు తెల్లవారగానే ఉతికేయి. ఉతికాక అది మామూలు గుడ్డే, మైలవరంలో పొలం పోయేటప్పుడు తలకు చుట్టుకో.

ఒక మంచి వస్తువు పండిందని సంతోషించాలో, నా కళ్లముందే దాన్ని కాలవపాలు చేశారని బాధపడాలో, పాడు వస్తువు పోయిందని ఊపిరి పీల్చుకోవాలో నాకు తెలియడం లేదు. మూడూ ఒకేసారి అవుతున్నాయి. మాట్లాడితే తేలుతుందనుకున్నాను, తేలలేదు. మాళిగ మాత్రం ఈ రాత్రి నుంచి ఖాళీ. ఇసుక తడపడం మానను. నూలు వస్తుందేమో చూస్తాను. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడక కొన్నాళ్లు ఏమీ తోచదు, అది కూడా ఒప్పుకుంటాను.

నన్ను మాట్లాడనిచ్చిన అధ్యక్షులవారికి, ఓర్పుతో కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. హనుమయ్యగారూ, మీరు ఇంకా నన్ను వద్దనలేదు కనుక రేపటి సభకు వేళకు వస్తాను, చెప్పవలసిందే చెబుతాను. ఈ పూటకు మాత్రం నేను ఇన్నయ్య తరపు మనిషిని. సెలవు.